చలికాలం మడమల పగుళ్ళకు ఇంట్లో ఏది వాడాలి: ఆముదమా, వ్యాజిలినా, యూరియా క్రీమా?

మాల వేసుకున్న ఇరవై రెండో రోజు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం చేసి తడి కాళ్ళతోనే పూజ గదిలోకి వెళ్ళాను. తిరిగి వస్తుంటే తెల్ల టైల్స్ మీద ఎర్రటి చుక్కలు నాలుగైదు. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. కూర్చుని కాలు పైకెత్తి చూసుకుంటే ఎడమ మడమ అంచున గోరు దిగేంత పగులు, లోపలంతా ఎర్రగా.

అయ్యప్ప దీక్ష 41 రోజులు, చెప్పులు ఉండవు. ఎక్కువమంది మాల వేసుకునేది కార్తీకంలో, ఇరుముడి కట్టుకునేది ఆ తర్వాతి చలి నెలల్లో. అంటే మడమలు పగిలే కాలంలోనే సరిగ్గా చెప్పులు విడుస్తాం. మాల లేనివాళ్ళకూ తప్పదు. ధనుర్మాసంలో చీకటితో లేచి తడి వాకిట్లో వట్టి కాళ్ళతో ముగ్గులేసే ఆడవాళ్ళను, పొద్దున్నే పొలానికి పోయేవాళ్ళను అడిగి చూడండి.

ఆ రోజు తలా ఒక మందు చెప్పారు. అమ్మ ఆముదం అంది. మా ఆవిడ వ్యాజిలిన్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. తమ్ముడు ఫోన్లో యూరియా క్రీమ్ ఫొటో పంపాడు. గుడి దగ్గర ఒక పెద్ద స్వామి మర్రిపాలు పెట్టమన్నారు. ఆ తర్వాత నాలుగైదు చలికాలాల్లో ఇవన్నీ వాడాను. ఏదీ అబద్ధం కాదు. కానీ ఒక్కొక్కటి చేసే పని వేరు. ఆ పని తెలియకుండా కొంటే, మంచి మందే తప్పు కాలికి పూసినట్టవుతుంది.

మడమే ఎందుకు పగులుతుంది

ఒంట్లో చాలా చోట్ల చర్మంలో నూనె గ్రంథులుంటాయి. అరికాల్లో ఉండవు, చెమట గ్రంథులే ఉంటాయి. చలికాలం చెమట తగ్గుతుంది, గాలి పొడిబారుతుంది, పైగా పొగలు కక్కే వేడినీళ్ళ స్నానం ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తుంది. మడమ చర్మం అసలే మందం. ఎండితే చెప్పు అట్టలా బిగుసుకుంటుంది. మనం నిలబడ్డప్పుడు మడమ కింది కొవ్వు మెత్త పక్కలకు ఒత్తుకుంటుంది, దాంతోపాటు సాగాల్సిన అంచు సాగలేక చీలుతుంది. పగుళ్ళు అరికాలి మధ్యలో కాకుండా మడమ చుట్టూ అంచునే ఎక్కువగా రావడానికి కారణం ఇదే. బరువున్నవాళ్ళకు, గంటల తరబడి నిలబడి పని చేసేవాళ్ళకు, వెనక పట్టీ లేని హవాయి చెప్పులు వేసుకునేవాళ్ళకు ఎక్కువ రావడానికీ ఇదే.

కాబట్టి మందు ఏదైనా ఈ మూడింట్లో ఏదో ఒక పని చేయాలి. చర్మంలోకి నీళ్ళు లాగి పట్టి ఉంచాలి. లేదా ఉన్న నీళ్ళు ఎగిరిపోకుండా పైన మూతలా పరుచుకోవాలి. లేదా మందంగా గట్టిపడిన పొరను మెత్తబరిచి పలచన చేయాలి.

మూత వేసేవి: నూనె, వ్యాజిలిన్, మైనం

కొబ్బరినూనె ప్రతి ఇంట్లో ఉంటుంది, కానీ చలికాలం దాని తంటా దానిది. 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కదా, పొద్దున్నే సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. కరిగించి రాసినా పలచన కాబట్టి దుప్పటికి సగం, పాదానికి సగం. పగుళ్ళు ఇంకా రాకుండా, చర్మం గరుకుగా మాత్రమే ఉన్నవాళ్ళకు చాలు. నాలాంటి మడమకు చాలదు.

ఆముదం ఇంతకన్నా మేలు. చిక్కన, జిగట, ఎక్కువసేపు నిలుస్తుంది. పడుకునేముందు రాసి పాత కాటన్ సాక్స్ వేసుకుంటే పొద్దుటికి తేడా చేతికి తెలుస్తుంది. సాక్స్ వేసుకోకుండా మాత్రం రాయొద్దు. రాత్రి బాత్‌రూమ్‌కి లేచి టైల్స్ మీద కాలు జారితే మడమ సంగతి మరిచిపోయి తుంటి ఎముక సంగతి చూసుకోవాల్సి వస్తుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది తమాషా మాట కాదు.

వ్యాజిలిన్, అంటే పెట్రోలియం జెల్లీ. అమెరికాలో చమురు బావుల దగ్గర కూలీలు కడ్డీలకు అంటుకున్న మడ్డిని గాయాలకు పూసుకోవడం చూసి రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయనవేత్త దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. వాసన లేదు, దురద పెట్టదు, పచ్చి పగులు మీద పూసినా మంట ఉండదు. మూత వేసే పనిలో నూనెలేవీ దీనికి సాటిరావు. ఈ గుంపులో ఒక్కటే కొనుక్కోమంటే నేను దీన్నే కొంటాను, అదీ వాసనలూ రంగులూ లేని మామూలు డబ్బా.

కానీ చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఎండిన మడమ మీద వ్యాజిలిన్ రాయడమంటే ఖాళీ కుండకు మూత పెట్టడమే. ముందు కుండలో నీళ్ళుండాలి. గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు పాదాలు ఉంచి, మెత్తని తువ్వాలుతో అద్ది, చెమ్మ ఇంకా ఉండగానే రాయాలి. నీళ్ళలోంచి తీసి టీవీ ముందు కూర్చుని, యాడ్స్ వచ్చినప్పుడు రాసుకుందాంలే అంటే అయిపోయినట్టే. ఆ నీళ్ళలో ఉప్పు వేయడం మన దగ్గర అలవాటు. నేను మానేశాను. ఉప్పు నీళ్ళలో నానిన చర్మం తర్వాత ఇంకా ఎండినట్టయ్యేది.

మైనం సంగతి పాతది. ఆయుర్వేదంలో ఈ పగుళ్ళను పాదదారి అంటారు, తేనెమైనం, నెయ్యి, గుగ్గిలం కలిపిన లేపాలు అందులో ఉన్నాయి. మన ఇళ్ళలో అది కొవ్వొత్తి ముక్క, కొబ్బరినూనెగా మారింది. లోతు పగుళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పగులులోకి దిగి అక్కడే గట్టిపడి కూర్చుంటుంది, నడిచినా తుడుచుకుపోదు. కాకపోతే మైనం కరగడానికి అరవై డిగ్రీల దాకా వేడి కావాలి. మొదటిసారి నేను పొయ్యి మీంచి దించిన గిన్నెలోంచి స్పూన్‌తో నేరుగా పోసుకున్నాను. పగులు తగ్గడానికి వారం పట్టింది, కాలిన బొబ్బ తగ్గడానికి రెండు వారాలు. తురిమిన మైనం ఒక వంతు, నూనె మూడు నాలుగు వంతులు తీసుకుని, గిన్నెను వేడినీళ్ళలో పెట్టి కరిగించండి. చల్లారి గడ్డ నెయ్యిలా అయ్యాక వేలితో పగుళ్ళలో నింపండి. నేరుగా మంట మీద పెట్టొద్దు.

మర్రిపాలు కూడా ఈ కోవలోనివే, ఆరి పొరలా అతుక్కుంటాయి. పల్లెల్లో ఇంకా వాడేవాళ్ళున్నారు. నాకు రెండుసార్లు మంట పుట్టింది, మళ్ళీ పోలేదు. ఇంకో భయం ఏమిటంటే, పాలు కారే చెట్లన్నీ ఒకటేననుకుని పిల్లలు జిల్లేడు పాలు తెస్తారు. అవి కంట్లో పడితే చూపుకే ముప్పు.

నీళ్ళు పట్టి ఉంచేవి: గ్లిసరిన్, యూరియా

గ్లిసరిన్, రోజ్ వాటర్ కలిపి సీసాలో పోసుకోవడం మా అమ్మ వయసు వాళ్ళందరికీ తెలుసు. పని చేస్తుంది, చవక కూడా. చిక్కటి గ్లిసరిన్‌ను అలాగే పొడి చర్మం మీద రాయకుండా నీళ్ళు కలిపి రాసి, దాని మీద వ్యాజిలిన్ వేయాలి. క్రీమ్ కొనే ఉద్దేశం లేనివాళ్ళకు నేను చెప్పే మొదటి జోడీ ఇదే.

యూరియా అనగానే మా ఊళ్ళో మొదటి ప్రశ్న: "పొలంలో చల్లేదేనా సార్?" అదే. పదార్థం ఒకటే, మన చర్మంలో సహజంగా ఉండే తేమ పదార్థాల్లోనూ యూరియా ఉంటుంది. అలాగని 45 కిలోల బస్తాలోంచి పిడికెడు తీసి నీళ్ళలో కలిపి పెట్టుకోవద్దు. అది మందు తయారీకి శుద్ధి చేసిన సరుకు కాదు, పాళ్ళూ తెలియవు, పైగా 2015 నుంచి మన దేశంలో యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఇది చెప్పినప్పుడు ఒకాయన, "వేప కూడా ఉందంటే ఇంకా మంచిదే కద సార్" అన్నాడు. నవ్వాను గానీ, నిజంగానే చేస్తాడేమోనని భయమేసి మెడికల్ షాపు దాకా వెంట వెళ్ళాను.

షాపులో యూరియా క్రీమ్ అడిగితే ట్యూబు మీద శాతం చూడండి, కంపెనీ పేరు కన్నా అదే ముఖ్యం. 10 శాతం దగ్గర యూరియా పని నీళ్ళు పట్టడం. రోజూ రెండు పూటలా వాడుకోవచ్చు. 20, 25 శాతానికి వచ్చేసరికి గట్టి చర్మాన్ని వదులు చేయడం కూడా మొదలవుతుంది. మడమ పసుపుపచ్చగా మందంగా అయినవాళ్ళకు ఇది సరైనది. 40 శాతం చాలా ఘాటు, మొరటుగా పేరుకున్న చోట కొద్ది రోజులు వాడేది, అదీ డాక్టర్ చెబితే. "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. రక్తం కనిపించే పగులు మీద యూరియా పెడితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అలాంటప్పుడు నాలుగైదు రోజులు వ్యాజిలిన్‌తో పగులు పచ్చి ఆరనిచ్చి, తర్వాత యూరియాకు మారాలి. నేను ముందు యూరియాతో మొదలుపెట్టి, మంటకు తాళలేక ట్యూబు విసిరేసి, అది పనికిరాదని ఏడాదిపాటు అందరికీ చెప్పాను. తప్పు ట్యూబుది కాదు.

నూనెతో పోలిస్తే యూరియా క్రీమ్ ఖరీదే. ఒక ట్యూబు డబ్బుకు ఆముదం సీసా వస్తుంది. కానీ మందంగా పేరుకున్న మడమకు ఆముదం మూడు నెలలు రాసినా రాని మార్పు, 25 శాతం యూరియాతో నాకు మూడు వారాల్లో వచ్చింది. డబ్బు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే అంటాను.

పలచన చేసేవి: సాలిసిలిక్, రాయి, బ్లేడు

సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఆయింట్‌మెంట్లు గట్టి పొరను ఊడదీస్తాయి. పని చేసేవే, కానీ మంచి చర్మానికీ చెడ్డ చర్మానికీ తేడా చూడవు. యూరియా ఉండగా ఇంట్లో దీని జోలికి వెళ్ళే అవసరం తక్కువ. చిన్నపిల్లలకు, షుగర్ ఉన్నవాళ్ళకు సొంతంగా వాడకూడదు. ఆనెకాయలకు అమ్మే గుండ్రటి పట్టీలుంటాయే, వాటిలో ఇది 40 శాతం దాకా ఉంటుంది. వాటిని మడమ పగుళ్ళ మీద అంటించుకున్నవాళ్ళను చూశాను. వద్దు.

రాయి విషయానికి వస్తే, బట్టలుతికే బండకు మడమలు రుద్దడం, ఇటుక పెళ్ళతో గీకడం మన అమ్మమ్మల నాటి పద్ధతి. ఉద్దేశం మంచిదే. పాదాలు నానబెట్టాక ప్యూమిక్ రాయితో వారానికి రెండుసార్లు, ఒకే వైపుకు మెల్లగా రుద్దితే చాలు. రోజూ రుద్దితే, కాపాడుకోవడానికి చర్మం ఇంకా మందమవుతుంది. ఒకే రాయిని ఇంటిల్లిపాదీ వాడొద్దు. బ్లేడుతో చెక్కడం, కత్తెరతో అంచులు కత్తిరించడం, ఫెవిక్విక్‌తో పగులు అతికించడం, ఈ మూడూ చేసేవాళ్ళున్నారు. డాక్టర్లు చర్మం అతికించడానికి వాడే జిగురు వేరు, శుభ్రం చేసి వాడే తీరు వేరు. మట్టి లోపలుంచి పైన మూసేస్తే అది లోపలే చీము పడుతుంది.

నిమ్మకాయ, పేస్టు గురించి అడుగుతారు. దండగ. పసుపు నూనెలో కలిపి రాస్తే చెడు లేదు, కానీ మెత్తబరచేది నూనె, దుప్పటికి రంగు పట్టించేది పసుపు. గోరింటాకు పెట్టుకున్న వారం నా మడమ అందంగా ఉంది, అంతే గట్టిగానూ ఉంది.

అమ్మ కాలు

నాకు తగ్గింది కదా అని అమ్మకూ అదే చేద్దామనుకున్నాను. అమ్మకు పన్నెండేళ్ళుగా షుగర్. బకెట్లో నీళ్ళు తెచ్చి పెట్టాను, కాళ్ళు పెట్టింది. "మరీ వేడిగున్నయా అమ్మా?" అంటే "గంత వేడేం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నయి" అంది. నేను చెయ్యి పెట్టి చూడలేదు. కాసేపటికి కాళ్ళు తీసి తుడుస్తుంటే పాదాల పైభాగం కమిలినట్టు ఎర్రగా ఉంది. మర్నాటికి కుడికాలి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. అది మానడానికి ఆరు వారాలు, డ్రెస్సింగుల కోసం డాక్టర్ దగ్గరికి రోజు విడిచి రోజు.

ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ మొద్దుబారుతుంది. అమ్మ అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే వేడి తెలియలేదు. అందుకే ఈ పోలికంతా షుగర్ లేని పాదాలకు. షుగర్ ఉన్నవాళ్ళు నానబెట్టడం, రాళ్ళు, మైనం, సాలిసిలిక్ అన్నీ పక్కన పెట్టాలి. మామూలు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆ వేడిని కూడా మోచేత్తోనో వేరేవాళ్ళ చేత్తోనో చూసి, తుడుచుకుని, మడమకు 10 శాతం యూరియా క్రీమో వ్యాజిలినో రాసుకోవాలి. వేళ్ళ సందుల్లో ఏదీ రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ వస్తుంది. ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు. పగులు లోతుగా ఉన్నా, చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. అమ్మ మంచం పక్కన ఇప్పుడు ఒక చేతి అద్దం ఉంటుంది. రాత్రి పడుకునేముందు దాంట్లో అరికాళ్ళు చూసుకుంటుంది, కళ్ళజోడు దొరకనప్పుడు మనవరాలు చూసి చెబుతుంది.

మాల వేసుకునే షుగర్ స్వాములు కూడా ఇది గురుస్వామితో ముందే మాట్లాడుకోవడం మంచిది. మా గురుస్వామి ఒక్క మాటే అన్నారు: "స్వామీ, మందుకు దోషం లేదు."

అసలు పగుళ్ళే కానప్పుడు

రెండు నెలలు ఓపిగ్గా రాసినా తగ్గలేదంటే మందును కాదు, రోగాన్ని అనుమానించాలి. ఒక పాదానికే ఎక్కువగా ఉండి, గీతల్లో సున్నం పొడిలా రాలుతూ, వేళ్ళ సందుల్లో దురద ఉంటే అది ఫంగస్ కావచ్చు. దానికి యూరియా ఒక్కటే చాలదు. ఇక్కడ పెద్ద ప్రమాదం, షాపులో అడిగితే ఇచ్చే "అన్నిటికీ ఒకటే" ట్యూబు. అందులో స్టెరాయిడ్ కలిసుంటే మూడు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఫంగస్ ఇంకా విస్తరిస్తుంది. సొరియాసిస్, ఎగ్జిమా కూడా మడమ మీద పగుళ్ళలాగే కనిపిస్తాయి. థైరాయిడ్ తక్కువున్నవాళ్ళకు ఒళ్ళంతా పొడిబారి మడమలు పగులుతాయి. అప్పుడు రాయాల్సింది కాలికి కాదు, చేయించుకోవాల్సింది రక్త పరీక్ష.

ఇంకోటి విదేశాల్లో ఉన్న మన పిల్లలకు. బ్రిటన్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు డిసెంబర్‌లో ఫొటో పంపి "అన్నా, పగుళ్ళకు ఏం రాయాలి?" అన్నాడు. చూస్తే మడమ బాగానే ఉంది. కాలి వేళ్ళు ఎర్రగా, కాస్త ఊదారంగుకు తిరిగి వాచి ఉన్నాయి. బయట నుంచి వచ్చి హీటర్ దగ్గర కూర్చోగానే దురద, మంట అట. వాటిని చిల్‌బ్లెయిన్స్ అంటారు. తడి చలికి చిన్న రక్తనాళాలు ముడుచుకుని, మళ్ళీ వేడి తగలగానే వచ్చే వాపు. వీటికి ఆముదం, రాయి, యూరియా ఏవీ పనికిరావు. కాళ్ళను హీటర్‌కు ఆనించకుండా, వేడినీళ్ళలో పెట్టకుండా మెల్లగా వెచ్చబడనివ్వాలి. తడిసిన సాక్స్ వెంటనే మార్చి ఉన్నివి వేసుకోవాలి, బిగుతు బూట్లు మానాలి, సిగరెట్ ఉంటే అదీ మానాలి. గోకకూడదు. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. పుండు పడినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా డాక్టర్‌కు చూపించాలి.

మరి మీకేది?

చేత్తో తడిమితే గరుకు, కానీ చీలిక లేదు: ఇంట్లో ఉన్న నూనె చాలు, డబ్బు దండగ చేయకండి. సన్నటి గీతల్లా పగుళ్ళు: పొద్దున 10 శాతం యూరియా లేదా గ్లిసరిన్, రాత్రి చెమ్మ మీద వ్యాజిలిన్, సాక్స్. మందంగా, పసుపుపచ్చగా, దుప్పటికి పట్టుకునే మడమ: 25 శాతం యూరియా రాత్రిపూట, వారానికి రెండుసార్లు రాయి. రక్తం కనిపిస్తుంటే ముందు వ్యాజిలిన్ లేదా మైనం, పగులు మూసుకున్నాకే మిగతావి. సిలికాన్ మడమ సాక్స్ బాగానే ఉంటాయి, నడిచేవాళ్ళకు దెబ్బ తగలకుండా కాపాడతాయి. కాకపోతే రోజూ ఉతకాలి, ఫంగస్ ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. వెనక మూసిన చెప్పులు వీటన్నిటితో పాటు ఉండాల్సిందే. దీక్షలో ఉన్నవాళ్ళకు అదెలాగూ కుదరదు, సాక్స్ సంగతి మీ గురుస్వామిని అడగండి.

మూడు వారాలు వదలకుండా రాస్తే తేడా కనిపిస్తుంది. తగ్గగానే ఆపేస్తే పది రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. నేనిప్పుడు దసరా సెలవుల్లోనే ట్యూబు కొని, మాల వేసుకునే ముందు నెలంతా రాత్రిపూట రాసుకుంటున్నాను. పోయిన ఏడాది పంబ నుంచి సన్నిధానం దాకా రాళ్ళ మీద ఎక్కి దిగాను, మడమ మీద ఒక్క సన్న గీత తప్ప ఏమీ లేదు. ఆ గీత కూడా ఎడమ కాలికే, పాత చోటే.